32 బిట్ షిఫ్ట్ తర్వాత రిజిస్టర్ పై సగంలో పాత విలువ మిగిలిపోతోంది, ఎమ్యులేటర్‌లో ఎక్కడ వెతకాలి?

రింగ్‌మైనస్‌వన్:

అందరికీ నమస్కారం. మేం కొద్దిమందిమి కలిసి ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్ల కోసం ఒక చిన్న వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. మామూలుగా గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్) కోడ్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, డివైస్ మెమరీని ముట్టుకున్నప్పుడో ఇంకేదైనా ఎగ్జిట్ (కంట్రోల్ గెస్ట్ నుంచి మా సాఫ్ట్‌వేర్‌కి రావడం) వచ్చినప్పుడో మాత్రం మా ఇంటర్‌ప్రెటర్ ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ని డీకోడ్ చేసి నడిపిస్తుంది. హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ లేని మెషీన్ల కోసం మొత్తం ఇంటర్‌ప్రెటర్‌తోనే నడిపే మోడ్ కూడా పెట్టాం. సమస్య ఆ మోడ్‌లోనే వస్తోంది.

64 బిట్ లినక్స్ గెస్ట్ చక్కగా బూట్ అవుతుంది, లాగిన్ అవుతుంది, షెల్ పనిచేస్తుంది. పెద్ద ఫైలుని కంప్రెస్ చేసే ప్రోగ్రామ్ నడిపితే మాత్రం కాసేపటికి కూలిపోతుంది. అదే డిస్క్ ఇమేజ్‌ని హార్డ్‌వేర్ మోడ్‌లో నడిపితే ఎంతసేపైనా ఏమీ కాదు. గెస్ట్ కెర్నల్ లాగ్‌లో పేజ్ ఫాల్ట్ అని లేదు, జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ అని ఉంది. కూలిన చోట ఉన్నది మామూలు టేబుల్ లుకప్: ఆర్‌బీఎక్స్ అనే 64 బిట్ రిజిస్టర్‌లో టేబుల్ అడ్రస్, ఆర్‌ఏఎక్స్‌లో ఇండెక్స్, దాన్ని 8తో హెచ్చించి కలిపి చదవడం. డంప్‌లో ఆర్‌ఏఎక్స్ కింది సగం 18, అది సరైన ఇండెక్సే. పై సగంలో మాత్రం 7ఎఫ్3ఏ అని ఏదో పాత పాయింటర్ ముక్క కూర్చుని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా? ఇంటర్‌ప్రెటర్‌లో వందల ఫంక్షన్లున్నాయి, అన్నీ చదువుతూ కూర్చుంటే తెమలదు.

పేజీఫాల్ట్:

మీ డంప్‌లోనే సగం జవాబు ఉందండి. ఆ పై సగాన్ని 8తో హెచ్చించి చూడండి, అడ్రస్ కనానికల్ హద్దు (ప్రాసెసర్ చెల్లుతుందని ఒప్పుకునే అడ్రస్‌ల పరిధి) దాటి బయటికి పోతుంది. అలాంటి అడ్రస్‌కి ప్రాసెసర్ పేజ్ టేబుల్ దాకా కూడా వెళ్లదు, నేరుగా జనరల్ ప్రొటెక్షన్ ఇచ్చేస్తుంది. అంటే మీ ఫాల్ట్ సరైనదే, మెమరీ కోడ్‌ని అనుమానించాల్సిన పనిలేదు. తప్పు అంతకుముందు ఎప్పుడో ఈఏఎక్స్‌లోకి (ఆర్‌ఏఎక్స్ కింది 32 బిట్లు) రాసిన ఇన్‌స్ట్రక్షన్‌ది.

64 బిట్ మోడ్‌లో 32 బిట్ రిజిస్టర్‌లోకి ఏం రాసినా పై 32 బిట్లు సున్నా అయిపోవాలి. 8 బిట్, 16 బిట్ రాతలకి ఈ నియమం లేదు, అక్కడ పైన ఉన్నది అలాగే ఉండాలి. ఇది మీ ఇంటర్‌ప్రెటర్‌లో మొత్తంగా తప్పయితే గెస్ట్ బూట్ కూడా అయ్యేది కాదు. కాబట్టి వెతకాల్సింది ఒక్కోసారి ఏ పనీ లేకుండా ముగిసే ఇన్‌స్ట్రక్షన్లని. కండిషన్ తప్పిన సీమూవ్ (కండిషన్ నిజమైతేనే కాపీ చేసేది), కౌంట్ సున్నా అయిన షిఫ్ట్, సోర్స్ సున్నా అయిన బీఎస్ఎఫ్ (అన్నిటికంటే కింద ఉన్న 1 బిట్ స్థానం వెతికేది). ఇలాంటి చోట్ల ఎమ్యులేటర్ రాసేవాళ్లు "చేయాల్సిందేం లేదు" అని ముందే రిటర్న్ అయిపోతారు.

ఒక ట్రేస్ పెట్టండి. ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తర్వాత, అది 32 బిట్ ఆపరాండ్ సైజుతో ఆర్‌ఏఎక్స్‌ని గమ్యంగా పెట్టుకున్నదైతే, పై సగం సున్నానా కాదా అని చూసి కాకపోతే ఆపేయండి. రెండు మూడు తప్పుడు హెచ్చరికలు రావచ్చు, కానీ దొంగ దొరుకుతాడు.

జెండా:

సీమూవ్‌ని ముందు చూడండి. నేను చూసిన సొంత ఎమ్యులేటర్లలో ఎక్కువ తప్పులు అక్కడే. కండిషన్ తప్పినా 32 బిట్ సీమూవ్ గమ్యం పై సగాన్ని సున్నా చేస్తుంది, ఇది మాన్యువల్‌లోనే ఉంది. ఇంకొకటి, సోర్స్ మెమరీ అయితే కండిషన్ తప్పినా ఆ మెమరీని చదవాల్సిందే, ఆ పేజీ లేకపోతే ఫాల్ట్ రావాల్సిందే. చాలామంది సీ లాంగ్వేజ్‌లో ఇఫ్ రాసినట్టు రాసి, లోపల చదువుతారు. కండిషన్ నిజమైనప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

రింగ్‌మైనస్‌వన్:

సీమూవ్ సరిగ్గానే ఉంది, రెండు విషయాల్లోనూ. పేజీఫాల్ట్ గారు చెప్పిన ట్రేస్ పెట్టాను, దొరికింది.

డీ3 ఈ8, రెండే బైట్లు. ఈఏఎక్స్‌ని సీఎల్ అనే 8 బిట్ రిజిస్టర్‌లో ఉన్న కౌంట్ మేరకు కుడికి జరపడం. ఆగిన సమయానికి సీఎల్‌లో ఉన్నది సున్నా కాదు, 32! నేను కాసేపు అయోమయంలో పడ్డాను. 32 బిట్ ఆపరాండ్‌కి కౌంట్‌లో కింది 5 బిట్లే లెక్క, కాబట్టి 32 అంటే సున్నాయే. మా ఫంక్షన్ ఆ మాస్క్ సరిగ్గానే చేస్తోంది, ఆ తర్వాత లైనులో కౌంట్ సున్నా అయితే వెంటనే రిటర్న్. పక్కన కామెంట్ కూడా ఉంది, కౌంట్ సున్నా అయితే ఫ్లాగులు (ఫలితం సున్నానా, క్యారీ వచ్చిందా లాంటివి చెప్పే బిట్లు) మారవు అని. ఆ మాట నిజమే, కానీ రిటర్న్ అవడంతో ఫ్లాగులతో పాటు రిజిస్టర్‌లోకి రాయడం కూడా ఆగిపోయింది.

హార్డ్‌వేర్ మీద చిన్న ప్రోగ్రామ్ రాసి చూశాను. ఆర్‌ఏఎక్స్ నిండా ఒకట్లు పెట్టి, సీఎల్‌లో 32 పెట్టి, అదే ఇన్‌స్ట్రక్షన్ నడిపితే కింది సగం చెక్కుచెదరలేదు, పై సగం సున్నా. ఫ్లాగులు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అసెంబ్లీగూడు:

భలే దొరికింది. బాక్స్ (Bochs) అనే ఎక్స్86 ఎమ్యులేటర్ సోర్స్‌లో ఇదే సందర్భం చూడండి, కౌంట్ సున్నా అయితే పై సగాన్ని క్లియర్ చేసి, ఎప్పుడైనా సరే చేయాలని పక్కన కామెంట్ కూడా పెట్టారు. ఎమ్యులేటర్ రాసేవాళ్లకి నేను మొదట చదవమని చెప్పేది బాక్సే, వేగం తక్కువైనా ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఏం చేస్తుందో సూటిగా రాసి ఉంటుంది.

అయితే ఈ ఒక్క ఫంక్షన్‌ని సరిచేసి వదిలేయకండి. మీ దగ్గర షిఫ్ట్ లెఫ్ట్, షిఫ్ట్ రైట్, అరిథ్మెటిక్ షిఫ్ట్, రొటేట్లు నాలుగు, డబుల్ షిఫ్టులు రెండు ఉంటాయి. ఎవరో ఒకరు మొదటిది రాసి మిగతావి కాపీ చేసి ఉంటారు కాబట్టి అదే రిటర్న్ అన్నిట్లో ఉండే అవకాశం ఎక్కువ. పైగా రొటేట్లకి ఇంకో మెలిక ఉంది. 8 బిట్ రొటేట్ లెఫ్ట్‌కి కౌంట్ 8 ఇస్తే విలువ తిరిగి మొదటికే వస్తుంది, కానీ మాస్క్ చేసిన కౌంట్ సున్నా కాదు కాబట్టి క్యారీ ఫ్లాగ్ మారాలి. కొందరు ముందే 8తో భాగించి శేషం సున్నా అని వదిలేస్తారు, క్యారీ పాతదే ఉండిపోతుంది. క్యారీని కూడా కలుపుకుని తిప్పే ఆర్‌సీఎల్, ఆర్‌సీఆర్‌లకి 8 బిట్లయితే 9తో, 16 బిట్లయితే 17తో శేషం తీయాలి, అదీ 5 బిట్లకి మాస్క్ చేసిన తర్వాతే.

బిట్టుబిట్టు:

నాకొక సందేహం. ఇన్నిచోట్ల సరిచేసే బదులు, 32 బిట్ ఆపరాండ్ సైజున్న ఏ ఇన్‌స్ట్రక్షన్ అయినా ముగిశాక గమ్యం పై సగాన్ని ఒకేచోట సున్నా చేసేస్తే సరిపోదా? డీకోడర్‌కి గమ్యం ఏదో తెలుసు కదా.

పేజీఫాల్ట్:

సరిపోదు బిట్టుబిట్టు గారు, ఇప్పుడున్న బగ్ పోయి ఇంకొన్ని వస్తాయి.

మొదటిది 90 అనే ఓప్‌కోడ్ (ఇన్‌స్ట్రక్షన్ ఏదో చెప్పే బైటు). పాత లెక్కలో అది ఈఏఎక్స్‌ని ఈఏఎక్స్‌తో మార్చుకోవడం. 64 బిట్ మోడ్‌లో అది నిజమైన నాప్ (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్), పై సగాన్ని ముట్టుకోకూడదు. అదే మార్పిడిని 87 ఓప్‌కోడ్‌తో రాస్తే మాత్రం నాప్ కాదు, పై సగం సున్నా అవుతుంది. రెండిటినీ డిస్అసెంబ్లర్‌లో చూస్తే ఒకే అర్థం వచ్చేలా ఉంటాయి. 90 ముందు రెక్స్ ప్రిఫిక్స్‌లో (64 బిట్ మోడ్‌లో అదనపు రిజిస్టర్ల కోసం ముందు పెట్టే బైటు) బీ బిట్ ఉంటే అది మళ్లీ నాప్ కాదు, ఆర్8తో మార్పిడి.

రెండోది సీఎంపీ-ఎక్స్‌చేంజ్, అంటే గమ్యాన్ని ఆర్‌ఏఎక్స్‌తో పోల్చి, సమానమైతే గమ్యంలో కొత్త విలువ రాసేది. పోలిక నెగ్గితే ఆర్‌ఏఎక్స్‌లోకి ఏమీ రాయరు, దాని పై సగం అలాగే ఉండాలి. పోలిక ఓడితే ఈఏఎక్స్‌లోకి రాస్తారు, అప్పుడు పై సగం సున్నా. గమ్యం రిజిస్టర్ అయి పోలిక ఓడితే ఆ గమ్యాన్ని అస్సలు ముట్టుకోకూడదు, పై సగాన్ని కూడా. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఈ చివరిది చాలా ఏళ్లు తప్పుగా ఉండి 2022లో సరయింది. అంత ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్‌లోనే అన్నేళ్లు దాగిందంటే ఆలోచించండి. ఇక గమ్యం మెమరీ అయితే వేరే లెక్క. పోలిక ఓడినా మెమరీకి రైట్ సైకిల్ వెళుతుందని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. అంటే రాయడానికి వీల్లేని పేజీ మీద ఓడిపోయే పోలిక చేసినా ఫాల్ట్ రావాలి. కాపీ ఆన్ రైట్ (రాసినప్పుడే పేజీని కాపీ చేసే పద్ధతి) మీద ఆధారపడ్డ గెస్ట్‌కి ఇది ముఖ్యం.

అందుకే ఒకేచోట పెట్టాల్సింది సున్నా చేయడాన్ని కాదు, రాసే పనిని. 32 బిట్ రిజిస్టర్ రాత అంతా ఒకే ఫంక్షన్ గుండా పోవాలి, అది పై సగాన్ని సున్నా చేస్తుంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడు రాస్తుందో, ఎప్పుడు రాయదో మాత్రం ఆ ఇన్‌స్ట్రక్షన్ ఫంక్షన్‌లోనే ఉండాలి. ఫ్లాగులు మార్చకపోవడం, ఫలితం రాయకపోవడం రెండూ వేరువేరు నిర్ణయాలు.

జిట్‌గాడు:

ఇంటర్‌ప్రెటర్ అయితే ఇంతటితో అయిపోతుంది. మాలాగా కోడ్‌ని ట్రాన్స్‌లేట్ చేసి నడిపేవాళ్లకి ఈ సున్నా కౌంట్ ఇంకా ఇబ్బంది పెడుతుంది, ఎవరైనా ఆ దారిలో వెళితే ఉపయోగపడుతుందని రాస్తున్నా.

వేగం కోసం ఫ్లాగుల్ని వెంటనే లెక్కకట్టం. క్యూఈఎంయూ లాగే చివరి ఆపరేషన్ ఏది, దాని ఆపరాండ్లేవి అని దాచుకుని, ఎవరైనా ఫ్లాగ్ అడిగినప్పుడు లెక్కకడతాం. సీఎల్‌తో చేసే షిఫ్ట్‌లో కౌంట్ ఎంతో ట్రాన్స్‌లేట్ చేసేటప్పుడు తెలియదు. సున్నా అయితే చివరి ఆపరేషన్ పాతదే, కాకపోతే ఈ షిఫ్ట్. అంటే నడిచేటప్పుడు కౌంట్‌ని బట్టి ఆ దాచుకున్న మూడింటినీ ఎంచుకోవాలి, ట్రాన్స్‌లేటర్ కూడా "ఇక్కడి నుంచి చివరి ఆపరేషన్ ఏదో నాకు తెలియదు" అని గుర్తుపెట్టుకోవాలి. ఈ రెండోది మర్చిపోతే తర్వాత వచ్చే జంప్ తప్పు ఫ్లాగ్ చూసి తప్పు దారి పడుతుంది. ఇంక్రిమెంట్, డిక్రిమెంట్‌లు క్యారీని ముట్టుకోవు కాబట్టి వాటికి ముందు పాత క్యారీని లెక్కకట్టి దాచాలి, అదీ ఇదే కోవ.

రింగ్‌మైనస్‌వన్:

పేజీఫాల్ట్ గారు చెప్పినట్టు రాసే ఫంక్షన్ ఒకటే చేసి, షిఫ్టులన్నిట్లో ఆ రిటర్న్ తీసేశాను. అసెంబ్లీగూడు గారి అనుమానం నిజమే, తొమ్మిదింట్లోనూ అదే లైను ఉంది. కంప్రెస్ చేసే ప్రోగ్రామ్ ఇప్పుడు పూర్తిగా నడుస్తోంది, బయటికొచ్చిన ఫైలు హార్డ్‌వేర్ మోడ్‌లో వచ్చినదానితో బైటు బైటూ సరిపోయింది.

కానీ ఇంకా ఎన్ని దాగున్నాయో అని టెన్షన్‌గా ఉంది. ఈ ఒక్కటి పట్టుకోవడానికే ఒక ప్రోగ్రామ్ కూలాల్సి వచ్చింది. కూలకుండా నిశ్శబ్దంగా తప్పు లెక్క వేసేవాటిని ఎలా పట్టుకోవాలి? మాన్యువల్ ముందు పెట్టుకుని ఒక్కొక్క ఫంక్షన్ చదవడమేనా?

అసెంబ్లీగూడు:

మాన్యువల్ చదివి మనం రాసుకునే టెస్టులో కూడా మనకి తట్టిన సందర్భాలే ఉంటాయి. కోడ్‌లో తట్టనిది టెస్టులో మాత్రం ఎందుకు తడుతుంది. నిజమైన ప్రాసెసర్‌నే సాక్షిగా పెట్టుకోవాలి.

పద్ధతి కష్టమేం కాదు. ఒక ఇన్‌స్ట్రక్షన్ తీసుకోండి, రిజిస్టర్లు, ఫ్లాగులు, చిన్న మెమరీ ముక్క యాదృచ్ఛిక విలువలతో నింపండి. అదే స్థితి నుంచి ఒకసారి హోస్ట్ ప్రాసెసర్ మీద, ఒకసారి మీ ఇంటర్‌ప్రెటర్‌లో ఒక్క అడుగు వేయించండి. హోస్ట్ మీద ఒక్క అడుగు వేయించడానికి ట్రాప్ ఫ్లాగ్ (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ తర్వాత ఆపేది) చాలు, యూజర్ ప్రోగ్రామ్‌లోనే సిగ్నల్ పట్టుకుని స్థితి చదవచ్చు. తర్వాత రెండిటినీ పోల్చండి. విలువలు పూర్తిగా యాదృచ్ఛికంగా ఉంటే అంచులు తగలవు, అందుకే సగంసార్లు 0, 1, అన్నీ ఒకట్లు, పై బిట్ ఒక్కటే ఉన్న విలువ, 31, 32, 33, 63, 64 లాంటివి కావాలని కలపండి. మీ బగ్ ఇలా పెడితే చిటికెలో బయటపడేది.

కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడిపే లినక్స్ కెర్నల్ భాగం) యూనిట్ టెస్టుల్లో ఎమ్యులేటర్ టెస్ట్, రియల్ మోడ్ టెస్ట్ ఉన్నాయి, వాటిని కూడా గెస్ట్‌గా నడిపి చూడండి. పాత ప్రాసెసర్లు ఎమ్యులేట్ చేసేవాళ్లయితే సింగిల్‌స్టెప్‌టెస్ట్స్ అనే సేకరణలో నిజమైన 8088 చిప్ నుంచి తీసిన స్థితులున్నాయి, ప్రతి బస్ సైకిల్‌తో సహా. అక్కడ షిఫ్ట్ కౌంట్‌కి మాస్కే ఉండదు, అది 80186 నుంచి వచ్చింది. పుష్ ఎస్‌పీ (స్టాక్ పాయింటర్‌ని స్టాక్‌లో పెట్టడం) కూడా 8086లో తగ్గించిన తర్వాతి విలువని పెడుతుంది, 286 నుంచి పాత విలువని. కాబట్టి ఏ మోడల్‌ని ఎమ్యులేట్ చేస్తున్నారో ముందు తేల్చుకుని టెస్టులు ఎంచుకోండి.

జెండా:

నిర్వచించని ఫ్లాగుల సంగతి చెప్పడం మర్చిపోయారు. పోల్చే ముందు వాటిని మాస్క్ చేయాలి, లేకపోతే లక్ష తేడాలొచ్చి నిజమైన బగ్ వాటిలో కలిసిపోతుంది. అండ్, ఆర్‌ల తర్వాత ఆగ్జిలరీ క్యారీ, ఒకటి కంటే ఎక్కువ షిఫ్ట్ తర్వాత ఓవర్‌ఫ్లో, గుణకారం తర్వాత జీరో, సైన్. ఒక్కో ఓప్‌కోడ్‌కి ఒక పట్టిక రాసుకోండి.

కెర్నల్‌కొస:

జెండా గారితో నేను పూర్తిగా ఏకీభవించను. మాన్యువల్‌లో నిర్వచించలేదని రాసి ఉన్నంత మాత్రాన గెస్ట్ దానిమీద ఆధారపడదని కాదు.

బీఎస్ఎఫ్‌నే చూడండి. సోర్స్ సున్నా అయితే గమ్యం నిర్వచించబడదని ఇంటెల్ మాన్యువల్ చాలాకాలం చెప్పింది, ఏఎండీ మాత్రం గమ్యం మారదని రాసింది. 64 బిట్ లినక్స్ కెర్నల్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎస్ ఫంక్షన్ (మొదటి 1 బిట్ ఎన్నోదో చెప్పేది) ముందే గమ్యంలో మైనస్ ఒకటి పెట్టి బీఎస్ఎఫ్ నడిపి, ఫలితానికి ఒకటి కలుపుతుంది. సోర్స్ సున్నా అయితే జవాబు సున్నా రావాలి. ఇంటెల్ ప్రాసెసర్ ఆర్కిటెక్ట్ కూడా పాత విలువే ఉంటుందని, పై 32 బిట్లు మాత్రం సున్నా అవుతాయని చెప్పినట్టు ఆ కోడ్ పక్కన కామెంట్‌లోనే ఉంది. ఇప్పుడు మీ ఎమ్యులేటర్ "నిర్వచించలేదు కదా" అని గమ్యంలో సున్నా పెడితే ఎఫ్‌ఎఫ్‌ఎస్ సున్నాకి ఒకటి అని చెబుతుంది. కెర్నల్ లేని బిట్‌ని ఉందనుకుని ముందుకెళుతుంది, ఎక్కడ కూలుతుందో ఎవరికీ తెలియదు.

ఫ్లాగులకి మాస్క్ పెట్టండి, సరే. గమ్యాలకి మాత్రం పెట్టకండి. హార్డ్‌వేర్ ఏం చేస్తే అదే చేయండి.

జెండా:

గమ్యం విషయంలో ఒప్పుకుంటాను. ఫ్లాగుల్లో మాత్రం రెండు కంపెనీల చిప్‌లే ఒకదానితో ఒకటి కలవనప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి, దానికోసం సమయం పెట్టడం కంటే ఫాల్టుల క్రమం సరిచూడటం మేలు.

పేజీఫాల్ట్:

ఫాల్టుల క్రమం అన్నారు కాబట్టి. ఫలితాలు పోల్చే టెస్టులన్నీ పాసయ్యాక కూడా మిగిలేవి ఇవే, నా అనుభవంలో వీటికే ఎక్కువ సమయం పడుతుంది.

రెండు పేజీల మీద పడే 8 బైట్ల రాత తీసుకోండి. మొదటి పేజీ ఉంది, రెండోది లేదు. మీరు బైట్లు రాస్తూ వెళ్లి రెండో పేజీలో ఫాల్ట్ ఇస్తే, గెస్ట్ కెర్నల్ పేజీ తెచ్చి మళ్లీ నడిపిస్తుంది. మామూలు స్టోర్ అయితే రెండోసారి అదే విలువ కాబట్టి తెలియదు. అదే మెమరీలో ఉన్నదానికి ఒకటి కలిపే ఇన్‌స్ట్రక్షన్ అయితే, కింది బైట్లకి రెండుసార్లు కలిసిపోతుంది. ముందు రెండు పేజీలకీ రాసే హక్కు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ఒక్క బైటైనా మార్చాలి. చదివి, మార్చి, రాసే ఇన్‌స్ట్రక్షన్లలో చదివేటప్పుడే రాత హక్కు అడగాలి.

రెప్ మూవ్స్ (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో పెద్ద కాపీ) దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మధ్యలో ఫాల్ట్ వస్తే అప్పటిదాకా కాపీ అయినది అయినట్టే. ఆర్‌సీఎక్స్ (మిగిలిన కౌంట్), ఆర్‌ఎస్ఐ (సోర్స్), ఆర్‌డీఐ (గమ్యం) ఎంతవరకు వచ్చాయో అక్కడ ఉండాలి, ఆర్‌ఐపీ (నడపాల్సిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) మాత్రం ఆ ఇన్‌స్ట్రక్షన్ మీదే నిలవాలి. పెద్ద కాపీ నడుస్తుండగా ఇంటరప్ట్ వచ్చినా ఇంతే.

డివైస్ మెమరీ అయితే ఇంకో చిక్కు. కొన్ని డివైస్ రిజిస్టర్లని చదివితేనే స్థితి మారుతుంది, చదవగానే స్టేటస్ క్లియర్ అవుతుంది. ఎమ్యులేషన్ మధ్యలో ఆగి డివైస్ కోడ్ దగ్గరికి వెళ్లొచ్చి ఇన్‌స్ట్రక్షన్‌ని మొదటి నుంచి నడిపిస్తే, చదవడం రెండుసార్లు జరుగుతుంది. కేవీఎం ఒకసారి చదివినదాన్ని ఆ ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యేదాకా దాచుకుంటుంది, మళ్లీ నడిపినప్పుడు దాచుకున్నదే ఇస్తుంది. మీ దగ్గర ఏం చేస్తున్నారో చూసుకోండి.

కెర్నల్‌కొస:

దీనికి జతగా భద్రత సంగతి. ఎమ్యులేటర్ అంటే గెస్ట్ పంపిన బైట్లని హోస్ట్ వైపు చదివే కోడ్. గెస్ట్‌లోని మామూలు యూజర్ ప్రోగ్రామ్ కూడా దాన్ని తట్టగలదు. గెస్ట్‌కి రెండు వర్చువల్ ప్రాసెసర్లుంటే, ఒకటి డివైస్ మెమరీని ముట్టుకుని ఎగ్జిట్ తెప్పిస్తుంది, ఎమ్యులేటర్ ఆ బైట్లని మెమరీ నుంచి చదివేలోపు రెండోది వాటిని మార్చేస్తుంది. అంటే ఎగ్జిట్ తెచ్చిన ఇన్‌స్ట్రక్షన్ వేరు, మీరు నడిపేది వేరు. "ఈ ఇన్‌స్ట్రక్షన్ ఇక్కడికి రాదు, హక్కుల్ని హార్డ్‌వేరే చూసి ఉంటుంది" అనే ఆలోచన ఇక్కడే పడిపోతుంది.

2010లో సీవీఈ-2010-0298 అనే భద్రతా లోపం ఇలాంటిదే, కేవీఎం ఎమ్యులేటర్ మెమరీ యాక్సెస్‌లో గెస్ట్ ప్రివిలేజ్ లెవెల్‌ని పట్టించుకోలేదు. 2014లో జెన్ అనే హైపర్‌వైజర్‌లో (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎస్ఏ-105 లోపం, హాల్ట్, ఎల్‌జీడీటీ, ఎల్‌ఐడీటీ, ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూ అనే కెర్నల్‌కే అనుమతి ఉన్న ఇన్‌స్ట్రక్షన్ల ఎమ్యులేషన్‌లో ప్రివిలేజ్ తనిఖీ లేదు. యూజర్ ప్రోగ్రామ్ గెస్ట్ కెర్నల్ స్థాయికి ఎగబాకే దారి అది.

ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ మొత్తం తనిఖీలు చేయండి. లాక్ ప్రిఫిక్స్ చెల్లని చోట వస్తే ఇన్‌వాలిడ్ ఓప్‌కోడ్ ఇవ్వాలి. పొడవు 15 బైట్లు దాటితే జనరల్ ప్రొటెక్షన్. రెక్స్ ప్రిఫిక్స్ ఓప్‌కోడ్‌కి ఆనుకుని లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఏఎండీలో డీకోడ్ అసిస్ట్ ఉంటే ఇన్‌స్ట్రక్షన్ బైట్లని హార్డ్‌వేరే ఇస్తుంది, అవి వాడుకోండి.

2015లో ఎస్‌ఓఎస్‌పీ సదస్సులో వర్చువల్ సీపీయూ వాలిడేషన్ మీద ఒక పేపర్ వచ్చింది. ఇంటెల్ తన ప్రాసెసర్లని పరీక్షించే సాధనాల్నే కేవీఎం మీద పెడితే 117 బగ్‌లు దొరికాయి, సరిచేశారు కూడా. వాటిలో ఆరు భద్రతా లోపాలు. ఎంతోమంది రోజూ వాడుతున్న హైపర్‌వైజర్‌లో 117 అంటే, వాడకం పరీక్షకి బదులు కాదని తేలిపోయింది. జెన్ వాళ్లు తమ ఎమ్యులేటర్‌కి ఫజ్జర్ హార్నెస్ (యాదృచ్ఛిక ఇన్‌పుట్లతో పరీక్షించే ఏర్పాటు) పెట్టి సోర్స్‌తో పాటే ఉంచుతున్నారు, అది చూసి మీది రాసుకోవచ్చు.

రింగ్‌మైనస్‌వన్:

చాలా థ్యాంక్స్ అందరికీ. పోల్చే టెస్ట్ రాసి రాత్రంతా వదిలేశాను. రెక్స్ బీ ఉన్న 90 మా డీకోడర్‌లో నాప్‌గా పోతోంది, అది మొదటి నిమిషాల్లోనే పట్టుబడింది. ఆర్‌సీఎల్ 16 బిట్లలో శేషం తప్పు. ఇంకోటి నేను ఊహించనిది. గెస్ట్‌లో డీబగ్గర్ పెట్టి ఒక్కో అడుగు వేస్తూ సీపీయూఐడీ (ప్రాసెసర్ వివరాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) మీదికి వస్తే, డీబగ్ ట్రాప్ ఆ ఇన్‌స్ట్రక్షన్ తర్వాత రావాల్సింది, దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ కూడా అయ్యాక వస్తోంది. ఇది హార్డ్‌వేర్ మోడ్‌లో కూడా ఉంది! ఇంటెల్‌లో సీపీయూఐడీకి ఎగ్జిట్ తప్పనిసరి కాబట్టి అక్కడ ఆర్‌ఐపీని మేమే ముందుకు జరుపుతాం, ట్రాప్ ఫ్లాగ్ చూడటం లేదు.

ప్యాచ్‌లు ఒక్కో బగ్‌కి ఒకటి చొప్పున పెడుతున్నాను, ప్రతిదాంట్లో ముందు ఫెయిలయ్యే టెస్ట్, తర్వాత సవరణ.

పేజీఫాల్ట్:

ఆర్‌ఐపీని చేత్తో జరిపే చోట్లన్నీ ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చేయండి. అది ట్రాప్ ఫ్లాగ్ ఉంటే డీబగ్ ట్రాప్ ఇవ్వాలి, ఎస్‌టీఐ లేదా మూవ్ ఎస్ఎస్ తర్వాత ఉండే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఇంటరప్ట్ నీడని (అది అయ్యేదాకా ఇంటరప్ట్‌లు ఆపి ఉంచడం) కూడా తీసేయాలి. ఈ రెండోది వదిలేస్తే ఇంటరప్ట్ ఒక ఇన్‌స్ట్రక్షన్ ఆలస్యంగా వస్తుంది, టైమింగ్ బగ్ అనుకుని ఎక్కడెక్కడో వెతుకుతారు. ప్యాచ్ వివరణలో ఇన్‌స్ట్రక్షన్ బైట్లు, ముందు స్థితి, హార్డ్‌వేర్ ఫలితం, మీ ఫలితం నాలుగూ రాయండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా ఆ లైను ఎందుకుందని అడిగితే వాళ్లకి అవే ఆధారం.

బిట్టుబిట్టు:

ఇదే దారంలో నాదొకటి అడగొచ్చా? నాది సొంత ఎమ్యులేటర్ కాదు, కేవీఎం మీద క్యూఈఎంయూ. నేను గెస్ట్‌లో ఒక డివైస్ కోసం ప్రోగ్రామ్ రాస్తున్నాను, డివైస్ మెమరీని మ్యాప్ చేసుకుని దాంట్లోకి మెమ్‌కాపీ చేయగానే గెస్ట్ మొత్తం ఆగిపోతుంది. క్యూఈఎంయూ కేవీఎం ఇంటర్నల్ ఎర్రర్, సబ్‌ఎర్రర్ 1, ఎమ్యులేషన్ ఫెయిల్యూర్ అని చెప్పి రిజిస్టర్లన్నీ చూపిస్తుంది. చివర్లో కోడ్ అని ఒక వరస బైట్లు.

కెర్నల్‌కొస:

ఆ కోడ్ వరసలో ఒక బైటు చుట్టూ కోణపు గుర్తులుంటాయి, ఆర్‌ఐపీ ఉన్నది అక్కడే. ఆ బైటు ఏమిటో చెప్పండి.

బిట్టుబిట్టు:

సీ5.

కెర్నల్‌కొస:

అయితే ఏవీఎక్స్, అంటే 32 బైట్ల వెక్టర్ రిజిస్టర్ల ఇన్‌స్ట్రక్షన్లు. 64 బిట్ మోడ్‌లో సీ5 అంటే ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్ల ముందు వచ్చే వెక్స్ ప్రిఫిక్స్ తప్ప ఇంకోటి కాదు. ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ ఉందని చూసి లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ మెమ్‌కాపీకి 32 బైట్ల ఏవీఎక్స్ వెర్షన్ ఎంచుకుంది. మామూలు మెమరీ మీద అది నేరుగా నడుస్తుంది, డివైస్ మెమరీ మీద ఎగ్జిట్ వచ్చి ఎమ్యులేటర్ చేతిలో పడుతుంది, మీ హోస్ట్ కెర్నల్‌లోని ఎమ్యులేటర్‌కి ఆ ఇన్‌స్ట్రక్షన్ తెలియదు. మీ వైపు పరిష్కారం సులువు, డివైస్ మెమరీకి మెమ్‌కాపీ వాడకండి. వొలటైల్ పాయింటర్‌తో 4 లేదా 8 బైట్ల చొప్పున లూప్‌లో రాయండి. నిజమైన డివైస్‌తో కూడా అదే మంచిది, ఎంత వెడల్పు రాత వెళుతుందో మీ చేతిలో ఉంటుంది.

రింగ్‌మైనస్‌వన్:

మా ఎమ్యులేటర్‌లో కూడా ఏవీఎక్స్ లేదు. చేర్చాలంటే మూవ్‌లు మాత్రం చాలా?

పేజీఫాల్ట్:

డివైస్ మెమరీ కోసమైతే మూవ్‌లతో మొదలుపెట్టవచ్చు. మూడు జాగ్రత్తలు. గెస్ట్ కంట్రోల్ రిజిస్టర్లు సీఆర్4లో ఓఎస్‌ఎక్స్‌సేవ్ బిట్, ఎక్స్‌సీఆర్0లో ఏవీఎక్స్ స్థితి ఆన్‌లో ఉన్నాయో చూడాలి, లేకపోతే ఇన్‌వాలిడ్ ఓప్‌కోడ్. 32 బైట్ల రాతని కేవీఎం ఇంటర్‌ఫేస్‌లా 8 బైట్ల ముక్కలుగానే డివైస్‌కి పంపాల్సి వస్తుంది, అన్ని ముక్కలూ అయ్యేదాకా ఆర్‌ఐపీ కదలకూడదు. మూడోది, వెక్స్‌తో 128 బిట్ల మూవ్ రిజిస్టర్‌లోకి రాస్తే వైఎంఎం (32 బైట్ల ఏవీఎక్స్ రిజిస్టర్) పై సగం సున్నా అవ్వాలి. అదే పని పాత ఎస్‌ఎస్ఈ ఎన్‌కోడింగ్‌తో చేస్తే పై సగం అలాగే ఉండాలి. రెండిటికీ ఒకే ఫంక్షన్ పెట్టేస్తే కుదరదు.

32 బిట్ మోడ్‌లో సీ5 పాత ఎల్‌డీఎస్ ఇన్‌స్ట్రక్షన్ కూడా కావచ్చు. తర్వాతి బైట్ పై రెండు బిట్లూ ఒకట్లయితేనే వెక్స్. డీకోడర్‌లో ఆ తనిఖీ ముందే పెట్టేయండి.

రింగ్‌మైనస్‌వన్:

సరేనండి, ముందు పోల్చే టెస్ట్‌లో వైఎంఎం రిజిస్టర్లు కూడా చేర్చి, ఆ తర్వాత డీకోడర్ మొదలుపెడతాను.